మొదటి ముద్ద తిన్న ఎండ్రికాయ

నేను అబద్ధం ఆడను. ఏదున్నా మొహం మీదనే అంటా. మా గల్లీల అందరికీ ఈ సంగతి ఎరికే. కొందరైతే నన్ను చూడంగనే పక్క సందుల పడి పోతరు. గసుంటిదాన్ని, నాలుగు నెలలు కన్నబిడ్డ దగ్గర ఒక అబద్ధం దాచిన. ఒక ఎండ్రికాయ కోసం. మొదట చూసినప్పుడు అది ఉసిరికాయంత కూడా లేదు. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తున్నది గానీ అప్పుడు రాలేదు. నా బిడ్డకు తన చేతుల మీద, తన కండ్ల మీద నమ్మకం పోయే దాకా పోయింది ఆ ముచ్చట.

మాది మణుగూరు. నేను పుట్టింది ఇంకా లోపలికి, అడివిలున్న ఊర్ల. మా అమ్మ ఎండకాలం ఇప్పపువ్వు ఏరేది, వానలు తగ్గినంక వాగుల ఎండ్రికాయలు పట్టేది. ఆమె ఎంబడి నేను. బొగ్గుబాయిల పనిచేసేటాయనతో పెండ్లయి కాలనీ క్వార్టర్‌కు వచ్చిన. అత్తగారోళ్లు క్రైస్తవులు. ఆదివారం చర్చి, తినేముందు ప్రార్థన, అన్నీ నేర్చుకున్న. చదువు మాత్రం ఆయన పోయినంక వచ్చింది. ఆఫీసు నుంచి ఒక కాయిదం వస్తే పక్క క్వార్టర్ ఆమెతోని చదివించుకున్న. పొద్దుగూకే వరకు మా ఇంటి ముచ్చట క్వార్టర్ల లైనంతటికీ తెలిసింది. ఆ దినమే బిడ్డను పలక తెమ్మన్న. అప్పటికి నాకు యాభై దాటినయి. 'ఋ' నాకు ఇప్పటికీ పడదు. అది లేకుండనే బతుకుతున్న.

నా పంతులమ్మ నా బిడ్డనే. తప్పు రాస్తే రబ్బరు ఇయ్యది. "ఒక గీత కొట్టి పక్కన మల్ల రాయి. కింద ఏం రాసినవో కనపడాలె. ల్యాబ్‌ల మేం గట్లనే చేస్తం" అంటది.

ఆమె సర్కారు దవాఖానల ల్యాబ్ టెక్నీషియన్. జ్వరమొచ్చినోళ్ల నెత్తురుచుక్క అద్దం మీద రుద్ది, మలేరియా ఉన్నదా లేదా చెప్పుడు ఆమె పని. అడివి ఊర్లకెల్లి చలిజ్వరంతోని వచ్చేటోళ్లకు ఆ ఒక్క మాటే ముఖ్యం. ఆమె చూసిన స్లైడు తప్పుపోదని డాక్టర్లే అంటరు. నలభై దగ్గర పడుతున్నది. పెండ్లి ముచ్చట తెచ్చేటోళ్లను మొదట్ల నేను కూసోబెట్టి చాయ్ పోసేదాన్ని. తర్వాత్తర్వాత ఆమె వాకిట్లకెల్లే పంపేది. ఇప్పుడు ఎవరూ వస్తలేరు, ఇద్దరికీ హాయి.

ఇంట్లకు ఆ ఉప్పునీళ్ల తొట్టి వచ్చింది ఎండకాలం ఆఖర్ల. కాలనీల ఉండే ఒక ఇంజనీరు సారుకు బదిలీ అయింది. అంత పెద్ద అద్దాల తొట్టిని దూరం మోసుకపోలేక, బాగ చూసుకుంటదని మా బిడ్డకు ఇచ్చిండు. ట్రాలీ ఆటోల వచ్చింది. బీరువా తలుపంత పొడుగున్న తొట్టి, బకెట్లల్ల నీళ్లు, సంచిల ఇసుక, తడిగుడ్డలు చుట్టిన రాళ్లు, తెల్ల పట్టీలున్న రెండు నారింజరంగు చేపలు. ఇంకా ఒక పగడం. పగడమంటే మెడల ఏసుకునే ఎర్రపూస అనుకున్న నేను. ఇది అట్ల లేదు. అప్పుడే విచ్చుకున్న పుట్టగొడుగు లెక్క మెత్తగున్నది, గొడుగు మీద సన్నసన్న వేళ్లున్నయి. "ఇది చెట్టు కాదమ్మా, జంతువు" అన్నది బిడ్డ. అప్పుడది బొటనవేలంత ఉండె.

పక్కింటామె వచ్చి చూసింది. "పెద్దమ్మా, గోదారిని పక్కల పెట్టుకొని సముద్రాన్ని ఇంట్లకు తెచ్చుకుంటిరి. ఇగ మీకు ఉప్పు కొనే పని లేదు."

"కొనుడే ఎక్కువైంది. ఈ నీళ్లకు ఉప్పు పాకిట్లు పట్నం నుంచి తెప్పిస్తున్నది మహారాణి" అన్న నేను.

"కూరకెప్పుడు దింపుతరు మరి, ఆ చేపలను?"

బిడ్డ ఆమె దిక్కు చూసిన చూపుకు మల్ల ఆ మాట ఎత్తలేదు.

ఇంజనీరు సారు పోతా పోతా ఒక మాట చెప్పి పోయిండట. "ఆ రాళ్లల్ల ఏమేమున్నయో నాకే పూర్తిగ తెల్వదు. ఒక్కొక్కటి మెల్లగ బయటికొస్తయి, చూసుకోండి." నిజమే. సముద్రం రాయి అంటే మన గుట్ట రాయి లెక్క గట్టిగుండదు. లోపలంతా బొర్రలే. ఆ బొర్రలల్ల దాక్కొని, జాతర నాడు బస్సుల టికెట్ లేకుండ ఎక్కినోళ్ల లెక్క, ఏవేవో వస్తయి.

బిడ్డ ఒక నోట్‌బుక్ తెచ్చి నా ముందర పెట్టింది. "పగలంతా నువ్వే ఉంటవ్ ఇంట్ల. ఏం కనపడ్డా రాయి. నీకు రాత అలవాటైతది, నాకు లెక్క తెలుస్తది." నోట్‌బుక్ మీద నేనే పేరు రాసిన: పిలవకుండ వచ్చినోళ్లు.

ఇంగ్లీషు పేర్లు బిడ్డకు తెలుసు. నాకు వాటితోని పని లేదు, నేను చూసిన తీరుగ పేరు పెట్టుకున్న. గోరంత తెల్లచుక్క ఒకటి అద్దానికి కరుసుకొని ఉండేది. అయిదు కాళ్లల్ల రెండు పొడుగు, మూడు పొట్టి. దానికి కుంటిచుక్క అని రాసిన. ఇసుకల కెల్లి పాము తోకల అసుంటి చేతులు రెండు ఊపేది ఇంకొకటి, మిగిలిన ఒళ్లు నేను ఏనాడూ చూడలే. దానికి చేతులమ్మ. గాజు తీరుగ తెల్లగ మెరిసే పువ్వొకటి మొలిచింది. బాగుందే అంటే బిడ్డ నెత్తి కొట్టుకున్నది. అది పువ్వు కాదట, కుట్టే జంతువట, పీకితే ఎన్ని ముక్కలైతే అన్ని మొలుస్తయట. సిరంజితోని దాని నోట్లె నిమ్మరసం పోసి చంపింది. దవాఖాన బుద్ధి ఎటు పోతది.

ఇంకా గొంగళి. అది నిజంగ గొంగళి కాదు, నీళ్లల్ల పురుగు. లేత ఎరుపు, రెండు పక్కల తెల్ల వెంట్రుకలు. చేపలు తినంగ కింద పడ్డది తింటది. దాని ఫోటో తీసి బిడ్డ ఫోన్ల ఉన్న గ్రూపుల పెట్టింది. గిట్లాంటి తొట్లు పెంచేటోళ్లంత అండ్ల ఉంటరు. ఒకాయన తీసి పారేయమన్నడు. ఇంకొకాయన "అదే నీ తొట్టి ఊడ్చేది, ముట్టకు" అన్నడు. వాళ్లిద్దరూ పొద్దంతా తిట్టుకున్నరు. గొంగళి దాని పని అది చేసుకున్నది.

ఇగ ఎండ్రికాయ.

వానలు మొదలైనయి. బిడ్డ పొద్దున్నే దవాఖానకు పోతది, సాయంత్రం వస్తది. నేను మధ్యాహ్నం తొట్టి ముందర కుర్చేసుకొని తింట. టీవీ నాకు పడదు, అండ్ల ఆడోళ్లు ఊకె ఏడుస్తరు. ఒకనాడు పెద్దరాయి ఎనక కింది బొర్రల రెండు కండ్లు కనపడ్డయి. పుల్లల మీద పెట్టిన రెండు ఆవగింజలు. నా పానం లేచొచ్చింది. కాళ్ల నిండ వెంట్రుకలు, పట్టుకునే ముందటి డెక్కల కొసలు నల్లగ. మా వాగు ఎండ్రికాయ ఇంత వెంట్రుకలది కాదు గానీ, ఆ చూసే తీరు, పక్కకు జరిగి ఆగే తీరు అదే.

మా అమ్మకు ఒక అలవాటు ఉండె. అన్నం ముందర కూసుంటే మొదటి ముద్ద తినేది కాదు. తీసి పక్కన ఆకు మీద పెట్టేది. ముందు పోయినోళ్లకు. తర్వాత అది చీమ తిన్నదా, కోడి తిన్నదా ఆమె చూసేది కాదు. మెట్టినింటికి వచ్చినంక నేను ఆ పని ఇడిసిపెట్టిన, ప్రార్థన చేసి తినుడు నేర్చుకున్న. అప్పటి సంది చెయ్యి ఎప్పుడూ అటు పోలేదు. ఆనాడు పోయింది. ఎండుచేప కలిపిన ముద్ద తీసిన, మూత జరిపిన, చిటికెడు నీళ్లల్ల ఇడిసిన. ఎందుకు చేసినవంటే చెప్పలేను. ఎండ్రికాయ కింద నుంచి ఒక డెక్క చాపి చేపముక్క గుంజుకపోయింది. మెతుకులు ఇసుకల పడ్డయి, గొంగళి వచ్చి వాటిని ఎత్తుకపోయింది. ముగ్గురం తిన్నం.

మర్నాడు మల్ల పెట్టిన. ఆ తర్వాత అది నా కంచం చప్పుడుకు బయటికి రావట్టింది.

నోట్‌బుక్‌ల రాయలేదు. రేపు రాద్దామనుకున్న. ఇంతల ఒకనాడు సాయంత్రం బిడ్డ ఫోను చూసుకుంట అన్నది. "అమ్మా, రాళ్లల్ల ఎండ్రికాయలు కూడ వస్తయట. ఒంటి నిండ వెంట్రుకలు, డెక్కల కొసలు నల్లగ ఉంటే చూసిన వెంటనే తీసేయాలె. పగడాలను పీక్కతింటదట. నీకేమన్న కనపడ్డదా?"

"లేదు" అన్న.

గంతే. ఒక్క మాట. ఎండ్రికాయ పాచి తింటది, సచ్చిందాన్ని తింటది, వాగుల చిన్నప్పటి సంది చూసిన, నాకు ఫోను చెప్తదా అనుకున్న. వాగు ఎండ్రికాయ తెలిస్తే సముద్రం ఎండ్రికాయ తెలిసినట్టే అనుకున్న చూడు, అది నా మొదటి తప్పు. రెండోది, ఆ జవాబు.

పగడం అప్పటికి అరచెయ్యంత అయింది. పొద్దున లేవంగనే బిడ్డ పండ్లు తోముకుంట దాని ముందర నిలబడేది. దసరా దాటినంక ఒక పొద్దున గొడుగు అంచు చిరిగి ఉన్నది, ఎలుక కొరికిన రొట్టె లెక్క. రెండు దినాలకు ఇంకో పక్క. చేపలు అట్ల కొరకవని గ్రూపోళ్లు అన్నరు. బిడ్డ టార్చి పట్టుకొని రాయి రాయి ఎతికింది. గొంగళ్లు తప్ప ఏం కనపడలే.

అదే వారంల ఇసుకల ఆమెకు ఒక తెల్లది దొరికింది. పొడుగ్గ, ఉబ్బి, కొసలు మొద్దుగ. భూతద్దం పెట్టి చూసింది, ఫోటో తీసింది, గ్రూపుల పెట్టింది. నత్తగుడ్డు అన్నరు. కాదు, ఏదో పురుగు గూడు అన్నరు. బిడ్డ దాన్ని ఒక చిన్న సీసల నీళ్లు పోసి కిటికీ కాడ పెట్టింది, ఏం పుడతదో చూద్దామని. నేను పక్కనే నిలబడ్డ. అది ముందటి దినం మధ్యాహ్నం వండిన సన్నబియ్యం మెతుకు.

ఆ సీస అయిదు దినాలు కిటికీల ఉన్నది. నేను రోజూ దాని పక్కకెల్లి పోయిన.

నీళ్ల పరీక్ష కూడ ఆమెనే చేస్తది. చిన్న సీసల తొట్టి నీళ్లు తీసి మందు చుక్కలు ఏస్తే రంగు మారుతది. లేత గులాబీ వస్తే నీళ్లు మంచిగున్నట్టు. ఎర్రగొస్తే లోపల ఏదో కుళ్లుతున్నట్టు. వరుసగ ఎర్రగనే వచ్చింది. నీళ్లు మార్చింది, మల్ల ఎరుపు. చేపల తిండి సగం చేసింది, మల్ల ఎరుపు. కొత్త మందు తెప్పించింది. "నేనే తప్పు చేస్తున్ననా ఏంది" అన్నది. నేను విననట్టు చాట పట్టుకొని బియ్యం చెరిగిన.

అటెన్క ఒక సాయంత్రం కేకేసింది. "అమ్మా, ఇటు రా జల్దీ!"

ఇసుక మీద ఎండ్రికాయ బోర్లపడి ఉన్నది. దాని మీద రెండు గొంగళ్లు. బిడ్డ దాన్ని చెంచాతోని తీసి నా అరచేతుల పెట్టింది. "చూడు, వెంట్రుకలు, నల్ల కొసలు. ఉండెనన్నమాట దొంగది! గొంగళ్లు తినేసినయి."

చేతుల పడంగనే నాకు తెలిసింది. బరువు లేదు. చిప్ప ఎనకపక్క సంచి మూతి లెక్క తెరుచుకొని ఉన్నది. లోపల కండ లేదు, కంపు లేదు, కండ్ల మీది తొడుగులు కూడ అట్లనే ఉన్నయి. సచ్చిన ఎండ్రికాయ గిట్లుండదు. పెరిగే ఎండ్రికాయ పాత చిప్పను పాము కుబుసం ఇడిసినట్టు ఇడిసిపెడతది. మెత్తటి ఒంటితోని బొర్రల దాక్కొని, గట్టిపడ్డంక ఇంకా పెద్దదై వస్తది. వాగుల అసుంటి చిప్పలు వంద చూసిన. గొంగళ్లు పెంట ఎత్తేటందుకు వచ్చినయి, గంతే.

బిడ్డ ఫోటో తీద్దామని చిమటాతోని పట్టంగనే అది పొడిపొడి అయింది.

"ఎండ్రికాయనే చంపిందంటే, పగడాన్ని కొరికేది కూడ ఈ గొంగళే" అన్నది. "నువ్వేమంటవ్?"

నేనేమన్న? "కావొచ్చు" అన్న. నా చేతుల ఉన్న పొడే సాక్ష్యం. దాన్ని చెత్తబుట్టల ఏసి చేతులు కడుక్కున్న.

ఆ శనివారం గొంగళ్ల వేట. రాళ్లు ఒక్కొక్కటి బకెట్ల పెట్టి చిమటాతోని గుంజింది. నేను రాళ్లు పట్టిన. ఎండ్రికాయ ఉన్న పెద్దరాయి మాత్రం కదిలియ్యలే. పగడం దానికే అంటుకొని ఉన్నది. ఏడు గొంగళ్లు తీసింది. ఒకదాని వెంట్రుకలు నా ఏళ్లకు గుచ్చుకున్నయి, దూలగొండి రాసినట్టు మంట. బిడ్డ దవాఖాన ప్లాస్టర్ అంటించి గుంజి తీసింది. "నొప్పున్నదా?" అన్నది. "ఉండాలె" అన్న. ఆమెకు అర్థం కాలే. నోట్‌బుక్‌ల గొంగళి పేరు పక్కన ఆమె చెప్పంగ నేనే రాసిన: దొంగ.

ఊడ్చేటియి పోయినంక, అంతకుముందు ఏసిన మెతుకులు ఇసుకల్నే కుళ్లినయి. ఎరుపు ఇంకా ముదిరింది. పగడం సగమైంది. ఆ పదిహేను దినాలు నేను ముద్ద ఏసుడు బంద్ చేసిన, ఎండ్రికాయ బయటికి రాలే, గట్టిపడుతున్నది గదా. గట్టిపడ్డంక ఆకలితోని రాత్రిళ్లు పగడాన్ని గాక ఎవరిని తింటది మరి. పెట్టినా తప్పే, పెట్టకున్నా తప్పే అయింది నాది.

ఒక సాయంత్రం బిడ్డ చెప్పులు ఇప్పకుండనే తొట్టి ముందర కూసున్నది. చాయ్ ఇచ్చిన. తాగలే.

"అమ్మా, ఇయ్యాల ఒక స్లైడు మూడుసార్లు చూసిన" అన్నది.

"చూస్తే ఏమైంది?"

"ఏం లేదని రాసి పంపినంక, ఆమెను వాకిట్లకెల్లి మల్ల ఎనక్కి పిలిచి ఇంకోపాలి చూసిన. చంటిపిల్ల తల్లి. ఏం లేదు, మొదట రాసిందే కరెక్ట్. కానీ నా చేతులు వణికినయి. ఇంట్ల రంగునీళ్ల పరీక్షే చేతకాకుంటే, అక్కడ నేను చూసేది ఎంత నిజం?"

నా నోట్లె మాట ఉన్నది. బయటికి రాలే. యాభై ఏండ్లకు అక్షరం నేర్చిన నోరు, ఇరవై ఇండ్లోళ్లతోని కొట్లాడిన నోరు.

"ఆదివారం తొట్టి తీసేస్తున్న" అన్నది. "ఖమ్మం నుంచి గ్రూపాయన వచ్చి చేపలను, మిగిలిన పగడాన్ని తీసుకపోతడు. రాళ్లు డాబా మీద ఎండబెడత."

"ఎందుకే, ఉడకబెడితే అయిపాయె గదా" అన్న, ఏదో ఒకటి అనాలని.

"ఉడకబెట్టొద్దు. ఆవిరి విషమైతదట, మనమే పోతం." లేచి లోపలికి పోయింది.

ఆదివారం ఇద్దరం చర్చికి పోలే. పొద్దున్నే బకెట్లు వరుసగ పెట్టింది. పైపు ఒక కొస తొట్టిల ఏసి, ఇంకో కొస బకెట్ల పెట్టి నీళ్లు దింపుతున్నది. నేను గుమ్మంల నిలబడి చూసిన. నీళ్లు జానెడు తగ్గినయి. పెద్దరాయి నెత్తి బయట పడ్డది.

"ఆపు" అన్న.

"ఏందమ్మా, ఇప్పుడా?"

"పైపు ముయ్యి. చెప్పేదున్నది."

పైపు మీద బొటనవేలు పెట్టింది.

"పగడాన్ని కొరికేది గొంగళి కాదు. ఎండ్రికాయ."

"అది సచ్చింది గదా."

"సావలే. చిప్ప ఇడిసింది. నువ్వు నా చేతుల పెట్టిన నాడే నాకు తెలుసు. ఆ పెద్దరాయి ఎనక కింది బొర్రల ఉంటది. నేనే సాదుతున్న."

"సాదుడేంది?"

"అన్నం పెడుతున్న. మధ్యాహ్నం పూట. మొదటి ముద్ద."

"సముద్రం ఎండ్రికాయకు అన్నం పెట్టినవా!"

"ఎండుచేప కలిపిన."

ఆమె నా దిక్కు చూసింది. ఏలు సందులకెల్లి నీళ్లు కారుతున్నయి. "ఎప్పటి సంది?"

"వానలు మొదలైనప్పటి సంది."

తర్వాత కిటికీ దిక్కు చూసింది. "ఆ నత్తగుడ్డు?"

"సన్నబియ్యం."

"గ్రూపుల నలుగురు అది పగిలే దినాలు లెక్క కట్టిండ్రమ్మా!" అన్నది. గొంతుల నవ్వొచ్చింది, మధ్యలనే ఆగింది. "అయితే నీళ్లు ఎర్రగొచ్చుడు?"

"అది నేనే. నీ పరీక్ష తప్పు కాదు. ఒక్కనాడు కూడ తప్పు కాలే. అండ్ల కుళ్లుతున్నది ఉన్నది, నువ్వు ఉన్నదే చూసినవ్. నీ చేతులు మంచిగనే ఉన్నయి బిడ్డా. నా నోరే మంచిగ లేదు."

ఆమె ఏడ్వలే. అరువలే. పైపు మీద ఏలు అట్లనే పెట్టి అన్నది. "ఊర్ల అందరినీ మొహం మీద అంటవ్ గదా నువ్వు."

నేను గుడ్డ తెచ్చి కింద కారిన నీళ్లు తుడిచిన.

ఆమె పైపు ఎత్తి గోడకు తగిలేసింది. బకెట్ల నీళ్లు మల్ల తొట్టిల పోసింది. పోసుకుంట నా దిక్కు చూడకుండ అన్నది. "పట్టుడు వస్తదా నీకు? నాకైతే రాదు."

"దారం తే" అన్న.

వాగుల మేం పట్టేది గట్లనే. కట్టె కొసకు దారం, దారానికి కోడిపేగు. బొర్ర ముందర ఊపితే ఎండ్రికాయ వచ్చి డెక్కతోని పడతది. పట్టినంక సులువుగ ఇడువది, దాని ఆశ దానిది. జల్దీ గుంజితే మాత్రం ఇడుస్తది. నీళ్లు దాన్ని మోస్తున్నంత సేపు మోయనియ్యాలె. పైకి వచ్చే ముందర కింద బుట్ట పెట్టాలె. ఇక్కడ బుట్టకు బదులు చాయ్ వడపోసే జల్లి.

ఫ్రిజ్‌ల రొయ్య ఉన్నది, దాని ముక్క దారానికి కట్టిన. మధ్యాహ్నం దాకా ఆగినం, అది వచ్చే యాళ్ల అదే. కుర్చేసుకొని కంచం పెట్టుకున్న. కంచం మీద గరిటె తాకిచ్చిన.

వచ్చింది. పదిహేను దినాలు కనపడనిది, రెండింతలై వచ్చింది. నిమ్మకాయంత. బిడ్డ జల్లి పట్టుకొని తొట్టి మీదికి వంగింది.

"నీ కంచం చప్పుడుకొచ్చిందమ్మా" అన్నది, గుసగుసగ.

"మాట్లాడకు."

దారం ఇడిసిన. అది రొయ్యను చూసింది, నన్ను చూసింది. నన్ను చూసిందనే నేను అనుకుంట, మీరు ఏమన్న అనుకోండ్రి. ఒక డెక్కతోని పట్టింది, ఇంకో డెక్కతోని పట్టింది. నేను మెల్లగ లేపిన. మా అమ్మ పక్కన నిలబడి "తొందరేంది నీకు" అంటున్నట్టే ఉండె. నీళ్ల పైకి బెత్తెడు ఉన్నప్పుడు, "ఇగ పెట్టు" అన్న. బిడ్డ చెయ్యి కింద నుంచి వచ్చింది. వణకలే. ఒక్క చుక్క చిందకుండ జల్లిల పడ్డది.

వెలుతుర్ల చూస్తే డెక్క వెంట్రుకలల్ల లేత గోధుమరంగు పోగులు ఇరుక్కొని ఉన్నయి. పగడం పోగులే. బిడ్డ చూసింది, నాకు చూపెట్టింది. నేను కూడ చూసిన.

"పులుసు పెట్టనా?" అన్న, ఆఖరికి.

"పెట్టు, నువ్వే తినాలె మరి" అన్నది. ఆ మాటల కోపం ఉన్నది గానీ, మాట అన్నది. అది చాలు అనుకున్న.

వాగుల ఇడుద్దామంటే ఉప్పునీళ్లది బతకదు. పారెయ్యాలంటే ఆమెకు చెయ్యి రాలే, నాకు రాలే. పెద్దతొట్టి కింద నీళ్లు వడపోసే చిన్న తొట్టి ఒకటి ఉంటది. అండ్ల ఒక ఉత్త రాయి పెట్టి, దాన్ని ఇడిసి, పైన గట్టి మూత పెట్టింది. పగడం మాత్రం పైన. ఖమ్మం ఆయనకు రావద్దని ఫోను చేసింది. గ్రూపుల ఎండ్రికాయ ఫోటో పెట్టింది. మెతుకు ముచ్చట పెట్టలేదు. నేను అడగలేదు, ఆమె పెట్టలేదు.

నెల దాటినంక పగడం చిరిగిన అంచుకు సన్న వేళ్లు మొలిచినయి. నీళ్లు గులాబీకి దిగినయి. ఎటు నుంచి వచ్చినయో, పెద్దరాయి కింద రెండు గొంగళ్లు మల్ల తిరుగుతున్నయి. నోట్‌బుక్ తెరిచి, గొంగళి పక్కన 'దొంగ' అని ఉన్నకాడ ఒక గీత కొట్టిన. కింద కనపడుతనే ఉన్నది. కొత్త పేజీల ఎండ్రికాయ అని రాసి, ఎప్పుడు చూసిన్నో ఆ నెల కరెక్టుగ ఏసిన. బిడ్డ చదివింది. ఎర్రపెన్నుతోని సంతకం చేసింది, దవాఖాన రిజిస్టరుల చేసినట్టు.

ఎండ్రికాయ తిండి ఇప్పుడు కొలతతోని. వారానికి రెండుసార్లు, గోరంత రొయ్యముక్క. అన్నం లేదు, ఎండుచేప లేదు. ముక్కలు కోసి చిన్న చిన్న డబ్బాలల్ల పెట్టి, నెత్తురు సీసలకు అంటించినట్టు కాయిదం ముక్క అంటించి, దాని మీద తన గుండ్రటి రాతతోని రాసి ఫ్రిజ్‌ల పెడతది. 'మంగళవారం'. 'శుక్రవారం'. చదివి పెట్టేది నేనే. మొదటి వారం ఆమె దవాఖాన నుంచి వచ్చి డబ్బాలు చూసుకున్నది. ఇప్పుడు చూస్తలేదు.

మధ్యాహ్నం కంచం చప్పుడైతే కింద తొట్టిల అది రాయి చాటుకెల్లి బయటికి వస్తది. మొదటి ముద్ద తీసి కంచం అంచుకు పెడత. నేను తిన్నంక ఆ ముద్దను గోడ మీది ఉడతకు ఏస్తున్న. మంగళవారం డబ్బా సోమవారం నాడు ఇంతవరకు తెరువలే.